కుటుంబం అంటే ఎవరెవరు? కడప వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో న్యాయ సేవా సంస్థ తరఫున పారా లీగల్ వాలంటీరుగా పనిచేస్తున్నాను. కోర్టులో వాదించను. అర్జీలు రాసిపెడతాను, దరఖాస్తులు నింపుతాను, ఏ కాగితానికి ఏ ఆఫీసుకు వెళ్లాలో చెబుతాను. దాదాపు ప్రతి దరఖాస్తులోనూ 'కుటుంబ సభ్యుల వివరాలు' అని ఒక పట్టిక ఉంటుంది. పేరు, వయసు చకచకా చెప్పేస్తారు. 'సంబంధం' అన్న గడి దగ్గరికి వచ్చేసరికి చాలామంది గొంతు తగ్గుతుంది. "ఈ పిల్ల మా ఆయన మొదటి భార్య కూతురమ్మా, ఏమని రాస్తావు?" "మా అన్న పోయాక వదిన మా దగ్గరే ఉంది, ఆమె పేరు రాయవచ్చా?" ఇలాంటివి వినీ వినీ, పదేపదే వచ్చే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. చట్టం మాట చట్టం చెప్పినట్టే రాశాను. నా అభిప్రాయం చెప్పినచోట అది నాదని తెలిసేలా రాశాను.

చట్టం ప్రకారం కుటుంబం అంటే ఏమిటి?

"ఏ పని కోసం అడుగుతున్నారు?" అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. అన్నిటికీ సరిపోయే ఒకే నిర్వచనం మన చట్టాల్లో లేదు.

జనాభా లెక్కలవాళ్ల నిర్వచనం నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. మామూలుగా కలిసి ఉంటూ, ఒకే వంటగదిలో వండింది తినేవాళ్లంతా వాళ్ల లెక్కలో ఒక ఇంటివాళ్లు. రక్తసంబంధం ఉండి తీరాలని అడగరు. ఉపాధి హామీ చట్టం ఇంకొంచెం బిగించింది. రక్తంతోనో, పెళ్లితోనో, దత్తతతోనో ముడిపడి, కలిసి ఉంటూ, కలిసి తినేవాళ్లు లేదా ఒకే రేషన్ కార్డులో ఉన్నవాళ్లు ఒక కుటుంబం అంది. 2006 ఫిబ్రవరి 2న పక్క జిల్లా అనంతపురంలోని నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ పథకాన్ని ప్రారంభించినప్పుడు ఏడాదికి వంద రోజుల పని ఒక్కో మనిషికి ఇవ్వలేదు, ఒక్కో కుటుంబానికి ఇచ్చారు. దాంతో పెళ్లయిన కొడుకు తండ్రితో ఉన్నట్టా, వేరుపడ్డట్టా అన్నది ఒక్కసారిగా కూలి లెక్క అయింది. పొయ్యి వేరైతే జాబ్ కార్డు వేరు. జాబ్ కార్డు వేరైతే అప్పట్లో ఇంకో వంద రోజులు.

ఆస్తి పంపకానికి ఇంకో లెక్క, అవయవ దానానికి ఇంకో లెక్క, తల్లిదండ్రుల పోషణకు ఇంకో లెక్క. ఒక చట్టంలో మీ కుటుంబమైన మనిషి మరో చట్టంలో పరాయి మనిషి కావచ్చు. అది మీ తప్పు కాదు.

పొయ్యి వేరైతే కుటుంబం వేరైనట్టేనా?

మా జేజి, అంటే నాయనమ్మ, పొద్దుగూకే వేళకు సంగటి కెలికేది. తడిచేత్తో ముద్దలు చేసి పళ్లెంలో వరుసగా పెట్టేది. మా ఇంట్లో తినేవాళ్లం నలుగురం. ముద్దలు మాత్రం ఆరు అయ్యేవి. అయిదోది గోడ అవతల ఒంటరిగా ఉండే ముసలామెకు. ఆమెను మేం బూబమ్మ అని పిలిచేవాళ్లం. మా కులం కాదు, మా మతమూ కాదు. ఆరో ముద్ద 'ఎవరైనా వస్తే' అని. ఎవరూ రాకపోతే పొద్దున మజ్జిగలో పిసికి నాకు పెట్టేది. జనాభా లెక్కలకు వచ్చిన మాస్టారు "ఇంట్లో ఎంతమందమ్మా?" అని అడిగితే జేజి "నలుగురం" అంది. ఆ సాయంత్రం కూడా ముద్దలు ఆరే చేసింది.

ఇక పొయ్యిలు వేరై కూడా విడిపోలేని కుటుంబాలు మా వైపు లెక్కలేనన్ని. ముగ్గురు అన్నదమ్ములకు మూడు పొయ్యిలు, మూడు కార్డులు, బోరు మాత్రం ఒకటే. నీళ్లకు వంతులు వేసుకుంటారు. కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడు, అర్ధరాత్రి అయినా సరే, వంతు ఉన్నవాడు మడి దగ్గరికి పోవాలి. తమ్ముడికి జ్వరం వస్తే అన్న లేచి వెళ్లి అతని మడికి నీళ్లు కడతాడు. పొద్దున ఇద్దరి భార్యలకూ మాటలు ఉండకపోవచ్చు. వాళ్లు ఒక కుటుంబమా, మూడా? భాగపరిష్కారం రాసేటప్పుడు మూడు అనే రాస్తాం. అందులోనే బోరు వంతులూ రాస్తాం. ఆ వంతుల పేరా రాయకుండా వదిలేయకండి. తరువాత వచ్చే తగాదాల్లో సగం అక్కడే పుడతాయి.

తల్లి కువైట్‌లో, పిల్లలు జేజి దగ్గర. దీన్ని విరిగిపోయిన కుటుంబం అనాలా?

అనకండి. నా గురించి చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేను.

పాత కడప జిల్లాలో, ముఖ్యంగా రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు వైపు, కువైట్‌కు మనిషిని పంపని వీధి కనబడదు. మగవాళ్లు డ్రైవర్లుగా వెళ్తారు, ఆడవాళ్లు ఇంటిపనికి వెళ్తారు. అమ్మ వెళ్లినప్పుడు నాకు మూడేళ్లు. మొదటిసారి తిరిగి వచ్చినప్పుడు ఆరు. కారు దిగిన మనిషిని చూసి జేజి కొంగు చాటుకు వెళ్లాను. కారు పైనుంచి రెండు పెద్ద అట్టపెట్టెలు దించారు. నైలాన్ తాడుతో నిలువుగా, అడ్డంగా బిగించి కట్టారు. నాలుగు పక్కలా మార్కర్‌తో మా నాయన పేరు, ఊరి పేరు. లోపల పాలపొడి డబ్బాలు, ట్యాంగ్, ఖర్జూరం, గొడ్డలి గుర్తు తైలం సీసాలు, ఇద్దరు మోస్తేగానీ లేవని దుప్పట్లు. "దగ్గరికి రా నాయనా" అని అమ్మ చేతులు చాచింది. నేను జేజిని అడిగాను: "ఈమె ఎన్ని రోజులుంటుంది?" అమ్మ చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి. తరువాత వంగి, పెట్టె తాడు విప్పడం మొదలుపెట్టింది.

ఆ రోజు అమ్మకు తగిలిన దెబ్బను నేను తల్లినయ్యాక గానీ అర్థం చేసుకోలేదు. ఖర్చు లేదని నేను అనను. ఖర్చు చాలా పెద్దది, అందులో పిల్లల వాటా ఎక్కువ. కానీ మా ఇల్లు నిలబడింది అమ్మ పంపిన డబ్బుతోనూ, జేజి కెలికిన సంగటితోనూ. ఆ ఇద్దరిలో ఎవరు లేకపోయినా నేను ఇప్పుడు మీ అర్జీ రాసేదాన్ని కాదు. తండ్రి గల్ఫ్‌కు వెళ్తే "కుటుంబం కోసం కష్టపడుతున్నాడు" అంటారు. తల్లి వెళ్తే "పిల్లల్ని వదిలేసి పోయింది" అంటారు. ఇద్దరూ ఎక్కేది అదే విమానం, పంపేది అదే దినార్లు. ఈ మాట అన్నవాళ్లను నేను అక్కడికక్కడే సరిదిద్దుతాను, మీరూ సరిదిద్దండి.

నన్ను అడిగే తల్లులకు మూడు మాటలు చెబుతాను. వెళ్లేటప్పుడు "రేపు వస్తా" అని పిల్లలకు అబద్ధం చెప్పకండి, ఎన్ని సంక్రాంతుల తరువాత వస్తారో చెప్పండి. ఫోను రోజూ చేయలేకపోయినా ఫలానా వారం, ఫలానా వేళ అని పెట్టుకుని ఆ వేళ తప్పకండి. తిరిగి వచ్చాక జేజి పెట్టిన కట్టుబాట్లను మొదటి వారంలోనే మార్చేయకండి. పిల్లలకు అప్పటిదాకా ఇల్లు అంటే ఆమే.

ఆ పిల్లలకు చట్టం దృష్టిలో జేజి ఎవరు?

హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 1956 ప్రకారం పెళ్లైన దంపతుల పిల్లలకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తరువాత తల్లి. 1999లో సుప్రీంకోర్టు ఆ 'తరువాత' అన్న మాటకు 'చనిపోయిన తరువాత' అని అర్థం కాదనీ, తండ్రి అందుబాటులో లేకపోయినా, పట్టించుకోకపోయినా తల్లే సంరక్షకురాలనీ చెప్పింది. జేజి ఈ వరుసలో లేదు. పదిహేనేళ్లు పెంచినా లేదు.

కాబట్టి ఇద్దరూ విదేశంలో ఉంటే పిల్లల చదువు, వైద్యం విషయాల్లో సంతకం చేసే అధికారం ఇస్తూ ఒక పత్రం రాసి, కువైట్‌లోని భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరింపజేసి పంపండి. ఎక్కువ కాలానికి, ఎక్కువ అధికారానికి అయితే 1890 నాటి సంరక్షకుల చట్టం కింద కోర్టుకు వెళ్లి సంరక్షకత్వం తెచ్చుకోవచ్చు.

అన్న బిడ్డను చిన్నప్పటి నుంచి పెంచుకున్నాం. దత్తత అయినట్టేనా?

పెంపకం వేరు, దత్తత వేరు. హిందువుల్లో బంధువుల బిడ్డను దత్తత తీసుకోవాలంటే ఇచ్చేవాళ్లు ఇవ్వాలి, తీసుకునేవాళ్లు తీసుకోవాలి, మామూలుగా బిడ్డకు పదిహేనేళ్లు నిండి ఉండకూడదు. దత్తత పత్రం రిజిస్టరు చేయించుకుంటే తరువాత కోర్టు దాన్ని నిజమనే మొదలుపెడుతుంది. అనాథ శిశువును దత్తత తీసుకునే దారి వేరు. దానికి కేంద్ర దత్తత సంస్థ వెబ్‌సైటులో నమోదు చేసుకోవాలి. 2022 నుంచి ఆ ఉత్తర్వులు జిల్లా కలెక్టరే ఇస్తున్నారు. ఆసుపత్రిలోనో, మధ్యవర్తి ద్వారానో బిడ్డను చేతులు మార్చడం నేరం. జాలితో చేసినా నేరమే.

ఉమ్మడి కుటుంబాలు పోవడం వల్లే ఇన్ని ఇబ్బందులు కదా?

ఈ మాట నాతో అన్నవాళ్లలో కోడలిగా ఉమ్మడి ఇంట్లో పదేళ్లు వండిన మనిషి ఒక్కరూ లేరు. పద్నాలుగు మందికి సంగటి కెలికిన చేతులను అడిగి చూడండి. ఉమ్మడిలో ముసలివాళ్లకు తోడు ఉండేది, పిల్లలకు పదిమంది ఉండేవారు, నిజమే. ఆ తోడును నిలబెట్టినవాళ్లకు మాత్రం చేతిలో రూపాయి ఉండేది కాదు, పుట్టింటికి వెళ్లాలంటే నలుగురి అనుమతి కావాలి.

మరో కారణం నేల. మా మెట్ట భూములు పంపకాలు అవుతూ అవుతూ తలా రెండెకరాలకు వచ్చాయి. రెండెకరాల వేరుశనగ మీద ముగ్గురు అన్నదమ్ముల సంసారాలు గడవవు. అనంతపురం, కదిరి వైపు నుంచి బెంగళూరుకు, మా వైపు నుంచి కువైట్‌కు జనం కదిలింది మనసు మారి కాదు, వాన రాక.

పెళ్లయిన ఆడపిల్ల ఏ కుటుంబం మనిషి?

"ఆడపిల్ల అంటే 'ఆడ' పిల్లే గానీ 'ఈడ' పిల్ల కాదు" అంటారు. చట్టం ఆ మాటను ఎప్పుడో కొట్టేసింది, అదీ మన రాష్ట్రంలోనే ముందుగా. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానమైన హక్కు ఇచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు మాత్రం వర్తించలేదు. అంటే అక్కకు లేదు, చెల్లెలికి ఉంది. ఆ తేడా వల్ల మాటలు ఆగిపోయిన అక్కచెల్లెళ్లను నేను చూశాను. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటికీ వచ్చిన సవరణలో పెళ్లయిందా లేదా అన్న తేడా లేదు. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలా అన్న అనుమానాన్ని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్చింది: అక్కర్లేదు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం తిరగదోడలేరు.

ఇప్పుడు వాడుకలో జరిగేది చెబుతాను. తండ్రి పోయిన కొన్నాళ్లకు అన్న చీర, సారె పెట్టి, పసుపు కుంకుమలిచ్చి, రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకువెళ్లి, హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుంటాడు. "ఆస్తి అడిగితే పుట్టింటి గడప దాటలేను అక్కా" అని నాతో ఎందరో అన్నారు. నేను వాళ్లను నిందించను. గడప కావాలంటే వాటా వదులుకోవాలి, వాటా కావాలంటే గడప వదులుకోవాలి అన్న బేరం అన్నల ముందు ఎవరూ పెట్టరు. చెల్లెలి ముందే పెడతారు. సంతకం పెట్టేముందు పత్రం ఇంటికి తెచ్చుకుని చదివించుకోండి. రెండు రోజులు ఆగినంత మాత్రాన పుట్టిల్లు పోదు. పోతే, అది సంతకం పెట్టాక కూడా నిలిచేది కాదు.

ఇల్లరికం వచ్చిన అల్లుడు?

మా వైపు 'ఇల్లటం' అంటారు. కొడుకులు లేని ఇంట్లో అల్లుడిని తెచ్చుకుని సేద్యం అప్పగించడం. రాయలసీమలో, నెల్లూరు వైపు రెడ్లలో, కమ్మవారిలో ఉన్న ఈ ఆచారాన్ని మద్రాసు హైకోర్టు 19వ శతాబ్దంలోనే గుర్తించింది. రక్తం లేదు, దత్తత లేదు, పెట్టిన చాకిరీకి, ఇచ్చిన మాటకు వాటా వచ్చింది. కుటుంబం నిర్వచనం ఇప్పుడే, ఈ ఆధునిక కాలంలోనే మారిపోతోందని బాధపడేవాళ్లకు నేను ఇల్లటపు అల్లుడిని చూపిస్తాను. ఈ రోజుల్లో మాత్రం ఆచారం మీద భరోసా పెట్టుకోకండి. మామగారు వీలునామాగానో, దానపత్రంగానో రాస్తేనే నిలుస్తుంది.

మేనరికం చేసుకుంటే కుటుంబం విడిపోకుండా ఉంటుందా?

అక్క కూతురిని, మేనత్త కొడుకును చేసుకోవడం మాకు కొత్త కాదు. ఆచారం ఉన్నచోట చట్టమూ అడ్డు చెప్పదు. "తెలిసిన గడప, పొలం బయటికి పోదు" అంటారు. భార్యాభర్తలకు పడకపోతే ఏమవుతుందో నాకు తెలుసు: అక్కాతమ్ముళ్లు కూడా విడిపోతారు. ఒక్క తగాదాకు రెండు కుటుంబాలు కూలుతాయి, ఆడపిల్లకు వెళ్లి తలదాచుకోవడానికి పుట్టిల్లు కూడా మిగలదు.

ఆరోగ్యం సంగతి కూడా ఉంది. మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడిగా ఉంటుంది, బావామరదళ్లకు ఎనిమిదో వంతు. ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో కలిసే అవకాశం ఆ మేరకు పెరుగుతుంది. అందరికీ అలా జరగదు. ఇప్పటికే పెళ్లయితే భయపడక, గర్భం దాల్చకముందే జన్యు సలహా తీసుకోండి.

వేరే మతం అబ్బాయిని పెళ్లి చేసుకున్నాను. ఇంట్లో "నువ్వు మా మనిషివి కావు" అంటున్నారు. నిజంగా కాకుండా పోతానా?

పోవు తల్లీ.

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద ఇద్దరూ మతం మార్చుకోకుండానే పెళ్లి చేసుకోవచ్చు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో 30 రోజులుగా ఉంటూ ఉండాలి, నోటీసు ఇచ్చాక మరో 30 రోజులు ఆగాలి. ఆ చట్టంలో ఒక విచిత్రమైన నిబంధన ఉంది. ఉమ్మడి కుటుంబంలోని హిందువు ఈ చట్టం కింద వేరే మతం మనిషిని చేసుకుంటే ఉమ్మడి నుంచి వేరుపడినట్టు లెక్క. చాలామంది దీన్ని 'వాటా పోయింది' అని బెదిరించడానికి వాడతారు. వేరుపడటం అంటే వాటా పోవడం కాదు, వాటా తేలడం. వయసు వచ్చిన ఇద్దరి పెళ్లికి ఇంటివాళ్ల, కులపెద్దల అనుమతి అక్కర్లేదని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అలాంటి జంటలకు రక్షణ, ఉండటానికి సురక్షిత గృహం కల్పించాలని కూడా ఆదేశించింది. ప్రాణభయం ఉంటే ముందు పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వండి, తరువాత 15100కు ఫోను చేయండి. ఆ నంబరులో న్యాయ సహాయం ఉచితం.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఉగాది నాడు దేవుని కడపకు వెళ్లి చూడండి. లక్ష్మీ వేంకటేశ్వరుని దర్శనానికి ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయ, పూలు పట్టుకుని వరుసలో నిలబడి ఉంటాయి. బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ, కాబట్టి స్వామి తమ అల్లుడు అని వాళ్ల నమ్మకం. కొత్త సంవత్సరం రోజు అల్లుడిని చూడకుండా ఎలా ఉంటారు? ఆళ్లగడ్డ దగ్గర అహోబిలంలో చెంచులు కూడా అంతే. చెంచులక్ష్మిని చేసుకున్న నరసింహుడు వాళ్లకు అల్లుడు. పారువేట పేరుతో ఆ స్వామి పల్లకి ఊరూరా తిరిగి, తన పెళ్లికి రమ్మని జనాన్ని పిలుస్తుంది. దేవుడినే వరస కలిపి ఇంటివాడిని చేసుకున్న నేల ఇది. కన్నకూతురిని పరాయిదాన్ని చేయడం మన ఆచారం అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నాం. మమ్మల్ని కుటుంబం అంటారా?

గృహహింస నిరోధక చట్టం 2005 పెళ్లిలాంటి బంధంలో ఉన్న స్త్రీకీ రక్షణ ఇస్తుంది. 2010లో సుప్రీంకోర్టు దానికి షరతులు చెప్పింది: ఇద్దరికీ పెళ్లి వయసు ఉండాలి, పెళ్లి చేసుకునే అర్హత ఉండాలి, లోకం ముందు భార్యాభర్తల్లా చెప్పుకోదగినంత కాలం కలిసి బతికి ఉండాలి. కాబట్టి ఒకరికి ముందే పెళ్లయి ఉంటే చిక్కే.

రెండో భార్య పిల్లలకు, మొదటి భార్య పిల్లలకు తేడా ఉందా?

చెల్లని పెళ్లిలో పుట్టినా పిల్లలు చట్టబద్ధమైన పిల్లలే. హిందూ ఉమ్మడి ఆస్తిలో తమ తల్లిదండ్రులకు వచ్చే వాటాలో వాళ్లకూ భాగం ఉందని 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది. మిగతా బంధువుల ఆస్తిలో మాత్రం ఉండదు.

సవతి పిల్లల విషయంలో నాకు ధైర్యం ఇచ్చిన తీర్పు ఇంకొకటి. చండీగఢ్‌లో ఒక నర్సు, భర్త మొదటి పెళ్లి పిల్లలిద్దరి కోసం సెలవు వాడుకుంది. తనకు బిడ్డ పుట్టినప్పుడు ఆ లెక్క చూపించి ప్రసూతి సెలవు నిరాకరించారు. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు ఇస్తూ, తల్లి, తండ్రి, పిల్లలు అన్న ఒక్క మూసలోనే కుటుంబాన్ని చూడవద్దని చెప్పింది. ఒంటరి తల్లి ఇల్లు, సవతి పిల్లలున్న ఇల్లు, పెళ్లి లేని జంట ఇల్లు, స్వలింగ జంట ఇల్లు, అన్నీ కుటుంబాలేననీ, వాటికీ చట్టం అండ దొరకాలనీ అంది. ఆ రోజు నుంచి "ఏమని రాస్తావు?" అని ఎవరైనా గొంతు తగ్గిస్తే, "కూతురు" అని గట్టిగా పైకి చదువుతూ రాస్తున్నాను.

స్వలింగ జంటలు, హిజ్రాల సంగతి?

2018 సెప్టెంబరు 6 నుంచి వయసు వచ్చిన ఇద్దరి ఇష్టపూర్వక బంధం నేరం కాదు. పెళ్లి హక్కు మాత్రం 2023 అక్టోబరు తీర్పులో దొరకలేదు. ఆ తరువాత 2024లో కేంద్రం కొంత సర్దింది: అలాంటి జంటను రేషన్ కార్డుకు ఒకే ఇంటివాళ్లుగా చూడాలి, ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవవచ్చు, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చు. మళ్లీ పొయ్యి దగ్గరికే వచ్చాం చూడండి. హిజ్రాలకు గురువు, చేలా అన్న వరస ఉంది. ఇంట్లోంచి గెంటేసిన బిడ్డను తెచ్చుకుని, పేరు పెట్టి, జబ్బు చేస్తే కూర్చుని, చనిపోతే సాగనంపేది ఆ గురువే. చట్టం ఆ వరసను ఇంకా చూడలేదు. చూడాలి.

తండ్రి పేరు లేకుండా పిల్లల కాగితాలు అవుతాయా?

పాస్‌పోర్టుకు అవుతాయి. 2016 డిసెంబరు నుంచి తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలు. పెళ్లి కాని తల్లి, తండ్రి పేరు చెప్పకుండానే బిడ్డకు సంరక్షకురాలు కావచ్చని 2015లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. రాయదుర్గం, ఆదోని వైపు దేవుడి పేరిట బసివిగా విడిచిన స్త్రీల పిల్లలను "తండ్రి ఎవరు?" అని బడిలో పదిమంది ముందు అడిగిన రోజులున్నాయి. ఆ దురాచారాన్ని 1988లోనే రాష్ట్రం నిషేధించింది. ఆ ప్రశ్న మాత్రం ఇంకా అక్కడక్కడా వినబడుతోంది.

కొడుకులు చూడటం లేదు. ఏం చేయాలి?

నెల మొదటి తేదీన మా ఊరి బస్టాండులో ఒక పెద్దాయనను చూసేదాన్ని. భుజాన గుడ్డసంచి. అందులో రెండు పంచెలు, మందుల డబ్బా, ఒక స్టీలు గ్లాసు. నెల వంతు మీద ఒక కొడుకు ఇంటి నుంచి ఇంకో కొడుకు ఇంటికి మారుతున్నాడు. భార్య మూడో కొడుకు దగ్గర. "31 రోజుల నెలలు నాకే ఎక్కువ పడ్డాయి" అని కొడుకులు వాదించుకుంటారట. "గ్లాసు ఎందుకు తాతా మోస్తావు?" అని అడిగితే, "ఎక్కడున్నా ఒకే గ్లాసులో తాగితే నా ఇంట్లోనే ఉన్నట్టు ఉంటుంది" అన్నాడు. బోరుకు వంతు వేసుకోవచ్చు. కన్నవాళ్లకు వేసుకుంటారా? వేసుకున్నా, మొగుడూపెళ్లాలను విడదీస్తారా?

2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంది. అర్జీ పెడితే నెలకు పదివేల రూపాయల వరకు ఇప్పించవచ్చు. అడగవలసింది కొడుకులనే కాదు, కూతుళ్లనూ, మనవళ్లనూ అడగవచ్చు. పిల్లలు లేని 60 ఏళ్లు నిండినవాళ్లు తమ ఆస్తిని పొందే బంధువును అడగవచ్చు. కోడలు, అల్లుడు ఆ నిర్వచనంలో లేరు. చట్టం బాధ్యత కొడుకు మీద పెట్టింది, ఇంట్లో అన్నం కలిపి పెట్టి, పక్క గుడ్డలు ఉతికేది కోడలు. కోడలు చూడటం లేదని నాకు చెప్పే కొడుకును, "నువ్వు ఏం చూస్తున్నావు నాయనా?" అని అడుగుతాను.

ఇల్లు రాసిచ్చేముందు పెద్దవాళ్లకు నేను చేతులు పట్టుకుని చెప్పేది ఒకటే. దానపత్రంలో "నన్ను కడదాకా చూసుకోవాలి" అన్న షరతు రాయించండి. ఆ షరతు ఉండి, వాళ్లు చూడకపోతే 23వ సెక్షను కింద ఆ పత్రాన్ని రద్దు చేయించవచ్చు. షరతు లేకపోతే చాలా కష్టం. "కొడుకు మీద నమ్మకం లేదా?" అని అడిగితే, "నమ్మకం ఉంది కాబట్టే రాస్తున్నాను" అనండి.

నామినీ అంటే వారసుడేనా?

బ్యాంకు ఖాతాలో నామినీ డబ్బు తీసుకుని వారసులకు అప్పగించే మనిషి మాత్రమే. మీతో ఉండి చూసుకున్న మనిషికి ఇవ్వాలనుకుంటే వీలునామా రాయండి. తెల్లకాగితం చాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ముస్లింలు మాత్రం వారసులు ఒప్పుకోకపోతే మూడో వంతు వరకే రాయగలరు.

స్నేహితుడికి కిడ్నీ ఇవ్వవచ్చా?

దగ్గరి బంధువు అంటే భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు. 2011 సవరణతో తాతామామ్మలు, మనవలు చేరారు. వదిన, అల్లుడు, స్నేహితుడు ఇవ్వాలంటే, డబ్బు కోసం కాదని అనుమతి కమిటీని ఒప్పించాలి. కష్టమే, అసాధ్యం కాదు. మానసిక అనారోగ్యానికి 2017 చట్టం మరింత ఉదారంగా ఉంది. మీ తరఫున మాట్లాడటానికి మీరు నమ్మిన ఎవరినైనా, బంధువు కాకపోయినా, ముందే రాసి పెట్టుకోవచ్చు.

పెళ్లిపత్రికలో 'మా కుటుంబం' కింద ఎవరి పేర్లు వేయాలి?

ఇది దరఖాస్తు కాదు కాబట్టి ఏ చట్టమూ అడ్డు రాదు. అయినా అన్నిటికన్నా ఎక్కువ పోట్లాటలు దీని మీదే. నా పెళ్లికి అచ్చువేయించేటప్పుడు జేజి పేరు అందరికన్నా పైన ఉండాలని అమ్మే పట్టుబట్టింది. ఆహ్వానించువారు అన్న చోట పెదనాయన, చిన్నాయన పేర్ల తరువాత బూబమ్మ పేరు వేయమన్నాను. ప్రెస్సు అతను కలం ఆపి, "ఈమె మీకు ఏమవుతుంది?" అని అడిగాడు. అమ్మ నాకన్నా ముందే చెప్పింది: "అయిదో ముద్ద."

అతనికి అర్థం కాలేదు. పేరు మాత్రం వేశాడు.